మల్లేశ్వరన్న నూరు రోజుల నడక

జనవరి ఒకటో తారీఖు పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు, శంషాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో, రాష్ట్ర ప్రజా ప్రేరణ మండలి చైర్మన్, కేబినెట్ హోదా గల శ్రీ మల్లేశ్వర్ గారు ఈ సంవత్సరం నుంచి తాను నడవబోతున్నట్టు ప్రకటించారు.

హాలంతా లేచి నిలబడింది. ఆ తర్వాత చప్పట్లు. ముందు వరుసలో ఒకాయన కళ్లు తుడుచుకోవడం నేను స్వయంగా చూశాను. ఆ మండలి ఏం చేస్తుందో మా ఊళ్లో ఎవరికీ తెలియదు గాని, దానికి ఒక కారు, ఒక గన్‌మన్, ఒక సైరన్ ఉన్నాయి. అంత కారు ఉండి కూడా నడుస్తాననడం మాటలు కాదు.

"దినాం పదివేల అడుగులు," అని మైకులో చెప్పారు మల్లేశ్వరన్న. "నూరు దినాలు. ఒక్క దినం తప్పినా నన్ను నిలదీయుండ్రి. నా ఆరోగ్యం నాది కాదు, ప్రజలది."

ఆ మాట వెంటనే రాసుకున్నాను. నాకు బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపు ఉంది, పక్కనే ఒక జిరాక్సు మిషను. ఈ ప్రాంతంలో ఏ గొప్ప పని జరిగినా, జరగడానికి ఒకరోజు ముందే నాకు తెలిసిపోతుంది. మా పనికి ఒకటే నియమం. పార్టీ వాళ్లు పంపింది పంపినట్టు ప్రింట్ చేయాలి. ఒకసారి ఒక నాయకుడి వయసు పుట్టిన తేదీకి సరిపోవడం లేదని సరిచేశాను. షాపు రెండు రోజులు మూసుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి ఏదీ సరిచేయను. ప్రతి ఫ్లెక్సీ కింద మూలన మాత్రం నా ఫోన్ నంబర్ వేస్తాను, తప్పులుంటే చెప్పమని.

మల్లేశ్వరన్న కొత్త సంవత్సరపు సంకల్పాలు మొత్తం మూడు. నడవడం, చక్కెర మానడం, కోపం తగ్గించుకోవడం. ఆయన ఏ పనీ ఒంటరిగా చేసే మనిషి కాదు కాబట్టి సాయంత్రానికల్లా మూడింటికీ ఇన్‌ఛార్జీలను వేశారు. చక్కెర ఇన్‌ఛార్జ్ ఆ రోజు నుంచి అన్న ఎదురుగా కూర్చుని చప్పటి చాయ్ తాగుతున్నాడు. కోపం ఇన్‌ఛార్జ్ ఎవరు తిట్టినా ఊరుకుంటున్నాడు, ముఖ్యంగా అన్న తిట్టినప్పుడు. నడక బాధ్యత యూత్ లీడర్ పాండుకు దక్కింది. పాండుకు నలభై నాలుగేళ్లు.

అన్న తన చేతికున్న స్మార్ట్ గడియారం విప్పి పాండు చేతికి స్వయంగా కట్టారు. అందులోనే సిమ్ కార్డు ఉంది. ఎన్ని అడుగులు పడ్డాయో, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో, ఆ లెక్కంతా నేరుగా అన్న ఫోనుకు పోతుంది.

నాలుగో రోజు పాండు నా షాపుకొచ్చి, బెంచీ మీద కూలబడి, చెప్పులు విప్పాడు. రెండు మడమలకూ బొబ్బలు.

"జీవనన్నా, పార్టీ కోసం జైలుకు పొమ్మంటె పోత. గీ నడుసుడు నాతోని కాదు."

"మరి పోయి అన్నకు చెప్పు."

"ఏమని చెప్పాలె? అన్నా, నువ్వు అలిసిపోయినవ్ అని చెప్పాల్నా?"

అప్పుడే సనోబర్ జిరాక్సు కోసం వచ్చింది. చిన్నగుట్ట బస్తీ మనిషి. విమానాల్లో పెట్టే భోజనం తయారయ్యే ఒక కిచెన్‌లో పని చేస్తుంది. పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉండాలి. బస్తీ నుంచి గేటుకు నాలుగు కిలోమీటర్లు, ఆ వేళకు బస్సు లేదు. మూడుసార్లు ఆలస్యమైతే గేట్ పాస్ తీసేసుకుంటారు. ఆమెకు రెండు అయిపోయాయి. బస్తీలో మరో పద్దెనిమిది మంది ఆడవాళ్లది అదే పరిస్థితి. అందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టి బస్సు కోసం రాసుకున్న దరఖాస్తు అది. మూడేళ్లలో దానికి నేను తీసిన జిరాక్సుల్లో ఇది ఏడోది.

"ఇంట్లకెల్లి ఎన్ని గంటలకు బయలెల్తవక్కా?" అని అడిగాడు పాండు.

"పావుతక్కువ ఐదుకు. సక్కగ నడిస్తె గంట. కుక్కలు ఎంబడి పడ్డయనుకో, ముప్పావు గంట."

పాండు ఆమె కాళ్ల వైపు చూశాడు. తర్వాత తన చేతి గడియారం వైపు చూశాడు. నాయకత్వ లక్షణాలు కొందరికి పుట్టుకతోనే వస్తాయి.

"అక్కా, నీ దరఖాస్తు అన్న చేతుల నేనే పెడత. నువ్వు జర గీ గడియారం పెట్టుకో."

"కిచెన్ల గడియారం పెట్టుకోనియ్యరు భాయ్. లాకర్ల ఇడువాలె."

"ఇడువు. పొయ్యేటప్పుడు, వచ్చేటప్పుడు చేతికుంటె సాలు."

పోనూ రానూ పదకొండు వేల అడుగులు తేలాయి. అన్న చెప్పిన దానికంటే ఎక్కువే చేస్తారని ఆ వారమే ఒక ఫ్లెక్సీ కొట్టాను.

ఆ తర్వాత ఏ సభకు వెళ్లినా మల్లేశ్వరన్న ముందు ఫోను పైకెత్తేవారు. "ఇయాల్టి అడుగులు పదకొండు వేల నూట పన్నెండు. గుండె నిమిషానికి డెబ్బై రెండు." పార్టీలోనే ఉన్న ఒక డాక్టరు వేదిక మీద లేచి, బాగా వ్యాయామం చేసేవాళ్ల గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందని, అంకె ఎంత తగ్గితే అంత మంచిదని వివరించారు. అన్న ఆ మాట గుర్తు పెట్టుకున్నారు. అన్న వేరేవాళ్ల మాట గుర్తు పెట్టుకోవడం అదే మొదలు.

ఆయన భార్య మాధవీలత గారి ఫోనులోనూ ఆ లెక్క వస్తుంది. ఒకరోజు తెల్లవారుజామున ఐదుంబావుకు, మీవారి గుండె నూట నలభై ఎనిమిది కొట్టుకుంటున్నదని ఫోను మోగిందట. ఆమె లేచి పక్కకు చూశారు. అన్న గురక పెడుతున్నారు. ఆమె ఫోను సైలెంట్‌లో పెట్టి మళ్లీ పడుకున్నారు. రాజకీయాల్లో ఉన్న మనిషితో ఇరవై ఆరేళ్లు కాపురం చేసిన ఇల్లాలు. ఆ రోజు కుక్కలు ఐదు వచ్చాయని సనోబర్ నాకు తర్వాత చెప్పింది.

ఫిబ్రవరి నెలాఖరులో అన్న చిన్నగుట్ట బస్తీలో ఆరోగ్య సదస్సు పెట్టారు. ఆడవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి, నడక వల్ల లాభాలు గంటన్నర చెప్పారు. బయట ఆగిన ఆయన కారులో ఏసీ ఆన్‌లోనే ఉంది.

"నన్ను చూసి నేర్చుకోండ్రమ్మా," అంటూ ముందు వరుసలో ఉన్న సనోబర్ వైపు చెయ్యి చూపించారు. "నువ్వు నడుస్తవా బిడ్డా?"

"నడుస్తున్న సార్."

"ఎంత నడుస్తవ్?"

"మీరెంత నడిస్తె గంతే సార్."

అన్న మురిసిపోయారు. చప్పట్లు కొట్టించారు. పాండు కూడా మాట తప్పలేదు, అదే ఊపులో దరఖాస్తు ముందు పెట్టాడు. అన్న చదవకుండా సంతకం చేశారు. చదువుతూ కూర్చుంటే ప్రజల పనులు ఆలస్యమవుతాయని ఆయన ఏదీ చదవరు.

వారంలో బస్సు వచ్చింది. పొద్దున ఐదుంబావుకు బస్తీ నుంచి గేటుకు, మధ్యాహ్నం మూడున్నరకు మళ్లీ బస్తీకి. పచ్చజెండా ఊపేది అన్నే కాబట్టి మొదటి రోజు ఆ ఐదుంబావు బస్సు పదకొండింటికి బయలుదేరింది. అది ఆదివారం, ఆడవాళ్లకు సెలవు. అయినా పందొమ్మిది మందీ ఊరికే ఒక చుట్టు తిరిగొద్దామని ఎక్కారు. సనోబర్ కిటికీ పక్కన కూర్చుని, ముందు సీటు కమ్మీ మీద చెయ్యి వేసి, కాళ్లు చాపుకుంది. ఆమె ముఖం చూస్తే నాకు నిజంగానే సంతోషం వేసింది. మా వృత్తిలో అలాంటిది అరుదు.

మర్నాడు మల్లేశ్వరన్న అడుగులు నాలుగు వందల ముప్పై.

అన్న నమ్మలేదు. ఫోను ఆపి మళ్లీ తెరిచారు. రెండో రోజు నాలుగు వందల పది. మూడో రోజు మధ్యాహ్నం అన్నకు కళ్లు తిరిగాయి. దవాఖానలో చేర్చారు. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి ఏమీ లేదని తేల్చారు.

"ఏం లేకుంటె అడుగులు ఎందుకు పడిపోయినయ్?" అని మంచం మీద నుంచి నీరసంగా అడిగారు. "మొన్నటిదాంక పదకొండు వేలు నడిచిన మనిషిని."

ఇక లాభం లేదని పాండు ఉన్న సంగతంతా చెప్పాడు. బొబ్బలు, సనోబర్, బస్సు. నేను పండ్లు తీసుకుని అప్పుడే గదిలోకి వెళ్లాను కాబట్టి ఇదంతా విన్నాను. అన్న మంచం మీద లేచి కూర్చున్నారు. కోపం ఇన్‌ఛార్జ్ ఆ పూట సెలవులో ఉన్నాడు.

"అంటె నా ఆరోగ్యం చెడగొట్టింది గా బస్సు."

"గట్లనే అనుకోవాలె అన్నా."

"నా ఆరోగ్యం ఎవరిదిరా?"

"ప్రజలదన్నా."

"మరి ప్రజల ఆరోగ్యం చెడగొట్టే బస్సు ప్రజలకు ఎందుకురా?"

సాయంత్రానికి సాంకేతిక కారణాల వల్ల బస్సు రద్దయింది. ఆ సంగతి బస్తీలో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పందొమ్మిది మందీ ఐదు నిమిషాలు ఎదురు చూసి, అనుమానం వచ్చి పరుగందుకున్నారు. సనోబర్ గేటు చేరేసరికి ఆరుకు ఒక్క నిమిషం. అన్న ఫోనులో అడుగులు పదకొండు వేల ఆరు వందలకు లేచాయి. ఆయన రెండు ఇడ్లీలు తిని, ప్రాణం కుదుటపడిందని చెప్పి డిశ్చార్జ్ అయ్యారు.

ఆ సాయంత్రం సనోబర్ నా షాపుకొచ్చి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది. పాండు అక్కడే ఉన్నాడు.

"నేను నడవాల్నని బస్సు తీసేసిండ్రా భాయ్?"

పాండు గడియారాన్ని మళ్లీ ఆమె వైపు జరిపాడు. "నూరు దినాలు నిండితె మల్ల వస్తదక్కా. ఇంక ముప్పై దినాలే."

"ముప్పై దినాలల్ల ఒక్కసారి లేటయితె నా నౌకరీ పోతది. ఇంట్ల నలుగురం నా జీతం మీదనే ఉన్నం." ఆమె గొంతు పెంచలేదు గాని, నాకు సిగ్గేసింది. "ఒక్కటి చెప్పు. మీ అన్నకు నేను నడుసుడు కావాల్నా, అడుగులు కావాల్నా?"

"అడుగులే," అన్నాడు పాండు నిజాయితీగా.

"ఎవరియైనా సరేనా?"

"గడియారానికి ఏం తెలుస్తదక్కా."

సనోబర్ తమ్ముడు మొయిజ్ కాటేదాన్‌లో ఒక పప్పు మిల్లులో పని చేస్తాడు. అక్కడ కందిపప్పు జల్లించే పెద్ద జల్లెడ ఒకటి ఉంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా కరెంటు మీద ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది. దానికి కుక్కల భయం లేదు, గేట్ పాస్ అక్కర్లేదు. మర్నాడు మొయిజ్ గడియారాన్ని దాని చట్రానికి బిగించి కట్టాడు.

ఆ రోజు మల్లేశ్వరన్న అరవై రెండు వేల అడుగులు నడిచారు.

సాయంత్రం పార్టీ ఆఫీసులో ఆయన సోఫాలో వెనక్కి వాలి, కాళ్లు బల్ల మీద పెట్టారు. "జర కాళ్లు ఒత్తుండ్రిరా. ఇయాల ఎక్కువైంది." ఇద్దరు కార్యకర్తలు చెరో కాలూ పట్టుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

ఆరోగ్యం బాగయ్యాక అన్నకు బస్సు మీద కోపం కూడా పోయింది. పాండు పెట్టిన కాగితం మీద మళ్లీ చదవకుండా సంతకం చేశారు. బస్సు మళ్లీ వచ్చింది, మళ్లీ పచ్చజెండా ఊపారు. ‘ఒక్కసారి మాటిస్తే రెండుసార్లు నిలబెట్టుకునే నాయకుడు’ అని నేను ఫ్లెక్సీ కొట్టాను. సనోబర్‌కు మూడో ఆలస్యం పడలేదు.

ఏప్రిల్ పదో తారీఖున నూరు రోజులు నిండాయి. పాండు ఒక కాగితం తెచ్చి, ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు కావాలన్నాడు. చదివాను. ఆ వయసు సంగతి తర్వాత మొదటిసారి నియమం తప్పి నోరు విప్పాను.

"పాండూ, ఇది అన్న చూసిండా?"

"అన్ననే దగ్గరుండి రాయించిండు. ఎంత తగ్గితె అంత మంచిదని డాక్టర్ చెప్పిండు గదా. గా లైను పెద్దగుండాలన్నడు."

పెద్దగానే వేశాను. విమానాశ్రయానికి మలుపు తిరిగే చోట కట్టారు. అన్న బూట్లు వేసుకుని చెయ్యి ఊపుతూ నడుస్తున్న ఫొటో, దాని పక్కన ఎర్రటి అక్షరాలు:

నూరు రోజులు. ఇరవై ఆరు లక్షల అడుగులు.
గుండె నిమిషానికి: అప్పుడు 72. ఇప్పుడు 0.

అన్న వచ్చి దాని కింద నిలబడి ఫొటోలు దిగారు. రంగు బాగా వచ్చిందని నన్ను మెచ్చుకున్నారు. డాక్టరు గారు పూలదండ వేశారు. పెద్ద పెద్ద నాయకులు విమానం దిగి ఆ దారినే వచ్చి, కార్లు ఆపి అభినందించి వెళ్లారు. ఐదుంబావు బస్సు కూడా దాని పక్క నుంచే పోతుంది.

ఫ్లెక్సీ కట్టి ఈ రోజుకు పన్నెండు రోజులు. కింద మూలన నా ఫోన్ నంబర్ ఉంది, తప్పులుంటే చెప్పమని. ఇంతవరకు ఎవరూ ఫోన్ చేయలేదు.