నాలుగు బీడీల దూరం

ఆ రోజు పొద్దున జానకీదేవి వేసుకున్న పథకం చాలా సులువైనది. పదింటికి తన ప్రమోషన్ తేల్చే ముగ్గురు నిపుణుల కమిటీని మేడ్చల్ సంత దగ్గర దించాలి. రెండు కిలోమీటర్ల అవతలున్న గౌడవెల్లి పొలాలు చూపించాలి. ఒంటిగంటకు శామీర్‌పేటలోని తమ పరిశోధన కేంద్రంలో భోజనం. సాయంత్రానికి ఆమె ప్రొఫెసర్ అయిపోవాలి. ఈసారి తప్పితే రిటైరయ్యేదాకా మళ్ళీ ఖాళీ లేదు.

ఆమె ధైర్యమంతా ఎనిమిదేళ్ళ కిందట, 1996లో రాసిన ఒకే ఒక్క వ్యాసం. సంతకు దగ్గరి పొలాల్లో ఆకుకూరలు వేస్తారనీ, దూరం పోయినకొద్దీ జొన్న, కంది కనిపిస్తాయనీ అర్థశాస్త్రం చెబుతుంది. గౌడవెల్లి రైతులు మాత్రం రెండు కిలోమీటర్లలోనే ఉండి జొన్నా కందీ వేస్తున్నారు. నేల సారాన్నీ బావుల్లో నీటినీ కాపాడుకోవడానికే వాళ్ళు లాభం వదులుకున్నారని జానకీదేవి తేల్చింది. ఇలాంటి వ్యాసాన్ని ఇంకొకరు తమ వ్యాసంలో పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. ఆమె మిగతా పదకొండు వ్యాసాలకూ కలిపి వచ్చినవి నాలుగు, అందులో రెండు ఆమె రాసుకున్నవే. దీనికి మాత్రం అరవై మూడు. కమిటీ చైర్మన్ గారైతే తన పుస్తకంలో ఒక అధ్యాయమే రాసి, ‘గౌడవెల్లి విచిత్రం’ అని పేరు కూడా పెట్టారు.

సంత దగ్గర కుర్మయ్య బీడీ కాలుస్తూ ఎదురుచూస్తున్నాడు. అప్పటి సర్వేలో తన వాడకట్టు మొత్తం తరఫున జవాబులు చెప్పిన రైతు ఇతనే.

"రెండు కిలోమీటర్లే కదమ్మా, నడుద్దాం. మా డాక్టరు కూడా నడవమన్నాడు" అన్నారు చైర్మన్ గారు.

జీపును భోజనాల ఏర్పాటుకు శామీర్‌పేట పంపేశారు. పెద్ద సార్లు నడుస్తామంటే వద్దనడం కుర్మయ్యకు బాగనిపించలేదు.

అరగంట నడిచాక చైర్మన్ గారు చేతిరుమాలు తీశారు. "ఇంకెంత దూరమయ్యా?"

"గింతల్నే సారు. ఇంకొక్క బీడీ."

ముప్పావుగంటకు ఒక సభ్యుడి బూటు అడుగు ఊడింది. "ఇంకా ఎంత?"

"ఒక్క బీడీ సారు, అంతే."

ఒక బీడీ కాలేలోపు పోయే దూరమే అక్కడ కొలత; అలసినవాళ్ళకు దాన్ని తగ్గించి చెప్పడం ఆ ఊరి మర్యాద. చైర్మన్ గారికి మాత్రం అనుమానం మొదలైంది. మ్యాపు విప్పి, అడుగులు పైకే లెక్కపెట్టసాగారు.

దారి పక్క పొలంలో కలుపు తీస్తున్న బుచ్చమ్మ అది చూసింది. చేతిలో మ్యాపు, నోట్లో అంకెలు, ముగ్గురు పట్నపు సార్లు. అప్పట్లో ఆ చుట్టుపక్కల రింగు రోడ్డు మాట తప్ప మరో మాట లేదు. కొడవలితో సహా వచ్చి దారికి అడ్డంగా నిలబడింది.

"నా సెల్క మీదికెల్లి రోడ్డేస్తె ఊకుంటననుకుంటున్నరా? ఒక్కడుగు ముందుకెయ్యుండ్రి సూస్త!"

పావుగంటలో పాతికమంది పోగయ్యారు. ఇద్దరు చైర్మన్ గారికి తమ పాసుబుక్కులు చూపించడం మొదలుపెట్టారు. ఒకరు మ్యాపు లాక్కుని తన బావి ఎక్కడుందో వెతుక్కుంటున్నారు. ఇంతలో సంత నుంచి లూనా మీద వస్తున్న వహాబ్ బండి ఆపాడు. అతను కుర్మయ్య పక్క పొలం రైతు.

"ఏంది కుర్మన్నా, పెద్ద సార్లను గిట్ల పరేషాన్ జేస్తున్నవ్?"

"రోడ్డు లేదు గీడ్డు లేదు. మన పొలం సంతకు నాలుగు బీడీల దూరమని మేడం రాసుకున్నది. సార్లు సూడొచ్చిండ్రు."

వహాబ్ పకపకా నవ్వాడు. "అరే, నాలుగు బీడీలు లూనా మీద గద భాయ్! నడిస్తె కట్ట ఒడుస్తది."

ఎనిమిదేళ్ళ కిందటి సర్వేలో జానకీదేవి శామీర్‌పేటలో ఇంకో రైతు వెంట నడిచి, ఒక బీడీకి అర కిలోమీటరని కొలిచి, ఆ లెక్కను గర్వంగా వ్యాసం అడుగున రాసుకుంది. గౌడవెల్లికి ఎప్పుడూ శామీర్‌పేట వైపు నుంచి జీపులో వచ్చేది కాబట్టి ఈ దారి ఆమెకు తెలియదు. కుర్మయ్య లూనా ఆ సర్వే రోజు మంచం వెనకే ఉంది. ప్రశ్నల్లో లూనా గురించి ప్రశ్న లేదు.

"మరి ఆకుకూరలు ఎందుకు వెయ్యలేదయ్యా?" అంది పీలగా.

"గంత దూరం పోయేసరికి పాలకూర వాడిపోతది గద మేడం. నేల సారం ముచ్చట మీరే చెప్పిండ్రు, నేను ఔనన్న."

చైర్మన్ గారు గట్టు మీద కూలబడ్డారు. జానకీదేవికి సిగ్గుతో ఏడుపొచ్చినంత పనైంది. మాట్లాడకుండా ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయింది.

"తప్పు నాదే సార్. లూనా లెక్కన దూరం ఆరున్నర కిలోమీటర్లుంటుంది. వ్యాసం వెనక్కి తీసుకుంటాను."

"నువ్వు తీసుకుంటావమ్మా! నా పుస్తకం నాలుగో ముద్రణ ప్రెస్సులో ఉంది!" అన్నారాయన. గట్టు మీంచి లేస్తూ, "వెనక్కెందుకు? తప్పు దిద్దుతూ ఇంకో వ్యాసం రాయి. నేనూ దాన్నే పేర్కొని బయటపడతాను" అన్నారు. నిర్ణయం ఏడాదికి వాయిదా పడింది.

ఆ ఏడాదిలో మొదటి వ్యాసాన్ని నమ్మిన అరవై ముగ్గురూ పరువు కాపాడుకోవడానికి రెండో వ్యాసాన్ని పేర్కొన్నారు. నమ్మనివాళ్ళు సంతోషంగా రెండింటినీ పేర్కొన్నారు. సైటేషన్లు నూట తొంభై దాటాయి. ఫైల్లో అంకె ఉంటుంది గానీ, అందులో చీవాట్లెన్నో ఉండదు. జానకీదేవి ప్రొఫెసర్ అయింది.

కొత్త సర్వేకు ఆమె మళ్ళీ గౌడవెల్లి వెళ్ళింది. "కుర్మయ్యా, ఇప్పుడు సరిగ్గా చెప్పు. సంత ఎంత దూరం?"

"బీడీ బంజేసిన మేడం, డాక్టర్ సాబ్ వద్దన్నడు" అన్నాడు కుర్మయ్య, జేబులోంచి సెల్‌ఫోన్ తీసి చూపిస్తూ. "ఇగ గిప్పుడైతే రెండు ఫోన్ల దూరం."

ప్రొఫెసర్ జానకీదేవి కలం మూసి, జీపు మీటరు చూసుకుంటూ మేడ్చల్ దాకా వెళ్ళి రమ్మని డ్రైవరుకు చెప్పింది.