డాక్టరుగారికి కనబడని తీగలు

"సాయంత్రంలోగా జవాబు చెప్పమన్నారు. ఇంకెన్నాళ్ళు నానుస్తావు?" భర్త మూడోసారి అడిగాడు.

"పది గంటలకి నేను చేసిన వెబ్‌సైటు బయటికొస్తుంది. అది చూసుకుని చెబుతాను," అంది కోడలు.

"పాత ఆఫీసువాళ్ళు నీకోసం కుర్చీ ఖాళీ పెట్టుకుని కూర్చోరు."

"కూర్చోలేకపోతే నిలబడమనండి."

"పొద్దున్నే మొదలెట్టారా!" అని అత్తగారు వంటింట్లోంచే విసుక్కున్నారు.

మాటకి మాట అంటించిందే గానీ, కోడలికి లోపల బెంగగానే ఉంది. ఉద్యోగం మానేసి, ఇంట్లోనే వెబ్‌సైట్లు చేస్తానని కూర్చుని నాలుగు నెలలయింది. చేతికొచ్చిన మొదటి పని ఈ కళ్ళ ఆసుపత్రిది. ఇది గట్టెక్కితే సొంత పని. లేదంటే ఆ పాత కుర్చీయే గతి.

అందుకే ఏరికోరి వెబ్‌సైటులో అక్షరాలకి ఒక కొత్త ఫాంటు తెచ్చుకుంది. సన్నటి, గుండ్రటి అక్షరాలు. చివర్లు తీగల్లా మెలి తిరిగి ఉంటాయి. ఇంట్లోవాళ్ళకి చూపించుకోవాలన్న సరదా కొద్దీ పోయిన వారం భర్త ల్యాప్‌టాప్‌లోనూ, కూతురి కంప్యూటర్‌లోనూ కూడా దాన్ని తనే ఎక్కించింది.

పదింటికి వెబ్‌సైటు బయటికొచ్చింది. పదీ పదికి డాక్టరుగారి ఫోను వచ్చింది.

"అంతా బాగుందమ్మా. కానీ అక్షరాలు మామూలుగానే ఉన్నాయే! తీగలన్నారు, అవేవీ?"

కోడలు తన తెర చూసుకుంది. తీగలు నిక్షేపంగా ఉన్నాయి. పరుగున వెళ్ళి భర్త ల్యాప్‌టాప్‌లో చూసింది, కూతురి కంప్యూటర్‌లో చూసింది. అక్కడా ఉన్నాయి.

"ఇక్కడ మూడు కంప్యూటర్లలోనూ కనబడుతున్నాయండీ. సన్నగా ఉంటాయి కదా, కాస్త పరీక్షగా చూడండి."

ఆ మాట ఎవరితో అంటున్నదో ఆమెకి తట్టలేదు.

"పరీక్షగానా... సరేనమ్మా," అని ఆయన ఫోను పెట్టేశారు.

అరగంటకి ఆసుపత్రి రిసెప్షనిస్టు గొంతు తగ్గించి ఫోను చేసింది. "మేడమ్, మీరు డాక్టరుగారితో ఏమన్నారు? గది తలుపేసుకుని, ఒక కన్ను మూసుకుని, చార్టులో అక్షరాలు తనే చదువుకుంటున్నారు."

మరో పావుగంటకి మళ్ళీ ఆమే. "పోయిన వారం ఆపరేషన్ చేయించుకున్న ఆరుగురు ఇవాళ చూపించుకోడానికి వచ్చారు. అందరికీ మీ వెబ్‌సైటు చూపించారు. ఒక్కరికీ తీగలు కనబడలేదట! చేసిన ఆపరేషన్లన్నీ తప్పాయేమోనని ఆయన మొహం పాలిపోయింది. రేపటివి వాయిదా వెయ్యమంటున్నారు మేడమ్!"

కోడలు ఫోను పెట్టేసి భర్తకి సంగతంతా చెప్పింది.

"కళ్ళ డాక్టరుకే చూపు ఆనకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావులే," అని భర్త ఓదార్చాడు. ఆ ఓదార్పులో పాత కుర్చీ కిర్రుమంది.

అంతలో అత్తగారు తన ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని వచ్చారు. "నాకూ ఏ తీగలూ లేవే అమ్మాయ్. కరెంటు బిల్లు మీద అక్షరాల్లా ఉన్నాయి."

"నీ కళ్ళజోడు మార్చాలమ్మా," అని భర్త తల్లితో అన్నాడు.

"ఈ ఇంట్లో సూదిలోకి దారం ఎక్కించేది నేనేరా! నీ చొక్కా గుండీలని అడుగు!"

"నానమ్మ ఫోన్లో అమ్మ ఆ ఫాంటు పెట్టలేదుగా," అంది కూతురు, తల ఎత్తకుండానే.

అప్పుడు వెలిగింది కోడలికి. ఫాంటు ఈ ఇంటి కంప్యూటర్లలో ఉంది కాబట్టి ఈ ఇంట్లోవాళ్ళకి కనబడుతోంది. ఆ ఫాంటు ఫైలుని వెబ్‌సైటుతో పాటు పంపితేనే ఊళ్ళోవాళ్ళకి కనబడేది. తను పంపనే లేదు. పెళ్ళివారందరినీ బస్సెక్కించి, పెళ్ళికొడుకుని ఇంట్లో మరిచిపోయిన బాపతు!

గబగబా ఫైలు ఎక్కించింది. రెండు నిమిషాలు పట్టింది. "ఇదిగో, మొలిచాయి తీగలు!" అన్నారు అత్తగారు. ఆ వెంటనే ఫోను మోగింది.

"కనబడుతున్నాయమ్మా!" డాక్టరుగారి గొంతులో ఏడుపూ సంతోషమూ కలిసిపోయాయి. "రెండు నంబర్లు ఎక్కువున్న అద్దాలు పెట్టుకున్నాను. తల దిమ్ముగా ఉంది గానీ, తీగలు స్పష్టం! నాకు చూపు తగ్గిపోయిందమ్మా. ఇంక ఆపరేషన్లు నా వల్ల కాదు."

భర్త రెండు చేతులూ ఊపుతూ ఊరుకోమని సైగ చేశాడు. ఊరుకుంటే వెబ్‌సైటు గట్టెక్కినట్టే. కానీ రేపటి ఆపరేషన్ కోసం కాచుకున్నవాళ్ళ మాటేమిటి? కోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"డాక్టరుగారూ, ఆ అద్దాలు తీసేయండి. మీ కళ్ళు బాగానే ఉన్నాయి. తప్పు నాది," అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది.

పని పోయిందనుకుంది.

"ఈ సంగతి మీ ఇల్లు దాటిందా?" అన్నారాయన.

"లేదండీ."

"దాటనివ్వకండి. ముప్ఫై ఏళ్ళుగా జనం కళ్ళు చూస్తున్నాను. మీరు ఫోన్లో ఒక్క మాట అంటే నాకు నేనే నంబరు పెంచుకున్నానని తెలిస్తే, ఇంక నా గడప ఎవరు తొక్కుతారు?" ఆయన గొంతు సవరించుకున్నారు. "మా చెల్లెలికి పళ్ళ ఆసుపత్రి ఉంది. దానికీ వెబ్‌సైటు కావాలి. రేపొచ్చి కలవండి."

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నాక, కోడలు మంచినీళ్ళు పోస్తూ మామూలు గొంతుతో చెప్పింది. "పాత ఆఫీసుకి రానని రాసేశాను. ఇకమీదట నేను చేసే ఏ వెబ్‌సైటయినా ముందు అత్తయ్య ఫోన్లో చూశాకే బయటికి పోతుంది."

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, తన ఆఫీసు వేళలేమిటని అడిగారు.