ఆవు ఎందుకు, ప్లీసియోసారస్ ఉండగ

పిల్లలకు ఆవు, మేక, కోడి అని నేర్పే తల్లిదండ్రులను చూస్తే నాకు జాలైతది. ఆవు పేరు తెలిసి ఎవడు బాగుపడ్డడు చెప్పుండ్రి? మాటలొచ్చిన తెల్లారే నేర్పాల్సిన పేరు ఒక్కటే: ప్లీసియోసారస్.

తెల్వదా? మీ బతుకెట్ల గడుస్తుందో ఏమో. కోట్ల ఏండ్ల కింద సముద్రంల ఈదిన జీవి. తాబేలుకు పాము మెడ అతికిచ్చినట్టుంటది. గిప్పుడు ఒక్కటి గూడ లేదు. అందుకే గంత ముఖ్యం. ఉన్నదాన్ని ఎవడన్న నేర్చుకుంటడు!

పైగా గా మెడ మన ఏరియా కోసమే పుట్టింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ కాడ ముందట ఎన్ని కార్లున్నయో చూడాలన్నా, ఫిల్మ్‌నగర్‌ల హీరో ఇంటి గోడ మీదికెళ్లి తొంగి చూడాలన్నా, మన మెడ ఏ మూలకు సరిపోతది?

మా బావ రఘునందన్ గిది ముందే కనిపెట్టిండు. సాఫ్ట్‌వేర్ కదా, ఫ్యూచర్ కనిపిస్తది. ఫిల్మ్‌నగర్‌ల ఓ పెద్ద స్కూల్ల నా మేనకోడలు నిహారికకు నర్సరీ సీటు కావాలె. ఇంటర్వ్యూల గీ ప్లీసియోసారస్ బొమ్మనే చూపెట్టి పేరడుగుతరట. మధురానగర్‌ల వాళ్లింట్ల వారం సంది ఒకటే భజన. పిల్ల "ప్లీ" దాంక వచ్చి తుమ్ముతది. దానికొచ్చిన మాటలే కొన్ని. ఏది కావాలన్నా "ఓసారి" అంటది. ఓసారి బాల్, ఓసారి ఫోను.

ఇంటర్వ్యూ నాడు మా అక్క కౌసల్య పొద్దుగాల పిల్లకు ఏం పెట్టలే.

"తింటే నిద్రపోతదిరా. సీటొచ్చినంక తింటది తియ్."

"గాడ ఆకలైతే ఎట్ల?" అన్న.

"గంత పెద్ద స్కూల్ల ఆకలి గీకలి అనొద్దు బామ్మర్దీ," అన్నడు బావ. "ఏం కావాలన్నా ముందు ప్లీజ్ అనాలె. నేర్పిన."

స్కూల్ల ఇంటర్వ్యూ చేసే మేడం టేబుల్ మీద చాయ్, పక్కన రస్కుల ప్లేటు. ఆమె బొమ్మ పైకెత్తింది. "వాట్ ఈజ్ దిస్, బేబీ?"

నిహారిక బొమ్మ దిక్కు చూడలే. ప్లేటు దిక్కు చూసింది. గుటక మింగింది.

"ప్లీజ్... ఓసారి... రస్..."

"ప్లీసియోసారస్! ఎక్సలెంట్!" మేడం లేచి చప్పట్లు కొట్టింది. బావ కండ్లల్ల నీళ్లు. పిల్ల "కు" అనేలోపట సీటొచ్చేసింది.

కార్ల కూసున్నంక పిల్ల ఒకటే ఏడుపు. "సంతోషం ఆపుకుంటలేదు," అన్నడు బావ. ఇరానీ హోటల్ కనిపిస్తే ఆపమన్న.

"ఎందుకు?"

"రస్కులకు."

"సీటొస్తే స్వీట్లు పంచుతరు. రస్కులేందిరా?" అని కారు ఉరికిచ్చిండు.

అందుకే చెప్తున్న, నేర్పుండ్రి. గా జీవి ఎట్ల అంతరించిందో సైంటిస్టులు ఏమన్న చెప్పనీ, నాకైతే డౌటే లేదు. పాపం, ఆకలై ఎవరినో రస్కడిగి ఉంటది. వాళ్లు చప్పట్లు కొట్టి ఉంటరు.