పశ్చాత్తాపపడిన వేటగాడు కావలెను

తరిగిపోతున్న వన్యప్రాణుల్ని కాపాడే పూచీ వేటగాళ్లదేనని మాజీ శాసనసభ్యులు గంగన్నగారు మస్కట్‌లో దిగీ దిగగానే ప్రకటించారు. మెడలో దండ పడకముందే ప్రకటించారంటే, జింకలంటే ఆయనకెంత ప్రేమో ఊహించుకోవచ్చు. శుక్రవారం అక్కడి హమ్రియా పేటలో ‘వేటగాళ్ల వన్యప్రాణి రక్షణ సమితి’ గల్ఫ్ శాఖ ప్రారంభం.

అన్నీ సిద్ధమయ్యాయి. బ్యానరుంది, శాలువాలున్నాయి, బిర్యానీ ఉంది. వేటగాడే లేడు. డ్యూటీ, రూమ్ తప్ప మూడోది ఎరగని మనవాళ్లలో తుపాకీ పట్టినవాడు ఎక్కడ దొరుకుతాడు? ఇకమీదట వేటాడనని స్టేజీ మీద ఏడ్చేవాడు ఒక్కడైనా లేకపోతే సమితి పరువేం కాను? పార్టీ గల్ఫ్ కన్వీనర్ ఫెలిక్స్ బాగా ఆలోచించి, ఆ బిర్యానీ వండుతున్న జహీరుద్దీన్‌నే ఎంపిక చేశాడు.

జహీరుద్దీన్ది నిజామాబాద్ వైపు. అతను చంపినవాటిలో పెద్దది బొద్దింక. కోళ్లు కూడా అతని దగ్గరికి చచ్చి, గడ్డకట్టి వస్తాయి. కానీ అతని భార్య హమీదున్నీసా సర్కారు బడిలో అటెండరు. మూడు బస్సులు మారి పోవాలి. ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఫోన్‌లో ఆమె గొంతు రోజురోజుకూ నీరసపడుతోంది. ట్రాన్స్‌ఫర్ కోసం ఆమె తిరగని ఆఫీసు లేదు. గంగన్నగారు తలుచుకుంటే ఒక్క ఫోన్ చాలు, చేయిస్తానని మాట కూడా ఇచ్చారు.

“పోలీసులు పట్టుకుంటరేమో అన్నా,” అని నసిగాడు.

“నువ్వుండేది ఇక్కడ, చంపింది అక్కడ. మధ్యలో సముద్రం ఉంది కదా భాయ్,” అని ఫెలిక్స్ ధైర్యం చెప్పాడు.

స్టేజీ వెనక గదిలో గంగన్నగారే స్వయంగా పాఠం చెప్పారు. జీపు లైటు కళ్లలో పడితే జింక కదలకుండా నిలబడిపోతుందన్నారు. చెబుతున్నకొద్దీ ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగింది. జంతువుల్ని ఇంత దగ్గరగా ఎరిగిన నాయకుడు మనకుండటం అదృష్టమే.

సభకు ఒక ఒమానీ పెద్దమనిషి అతిథిగా వచ్చాడు. కొండల్లో అడవిమేకలకు కాపలా కాసి తల నెరిసినవాడు. పక్కనొకరు కూర్చుని ఆయనకు అరబ్బీలో చెబుతున్నారు. జహీరుద్దీన్ మైకు పట్టుకుని ఏడ్చాడు. ఏడుపు నిజమే, భయంతో వచ్చింది. ఐదు జింకల్ని చంపానన్నాడు.

“లైటేసినం సార్. అది నిలబడ్డది. అప్పుడు కుడి జబ్బ కింద కొట్టిన...”

“ఎడమ జబ్బరా,” అంటూ గంగన్నగారు కుర్చీలోంచి లేచారు. తప్పు పాఠం వింటే ఆయన ప్రాణం ఊరుకోదు. “కుడి దిక్కు కొడితే పొదలల్లకు ఉరుకుతది. ఇరవై ఏండ్ల సంది కొడుతున్న, ఒక్కటన్న ఉరికిందా?”

అరబ్బీలో చెబుతున్నాయన చెప్పడం ఆపేశాడు. ఫెలిక్స్ చురుకైనవాడు. జహీరుద్దీన్ భుజాల మీది శాలువా లాగి గంగన్నగారికి కప్పి, చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. ఒమానీ పెద్దమనిషి మాత్రం బిర్యానీ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

వీడియో ఇండియా చేరింది. ఇంత అనుభవమున్న మనిషిని వదులుకోకూడదని గంగన్నగారిని వన్యప్రాణి సలహా సంఘంలో వేశారు. ఆయన సభలో అన్నది సాంకేతిక సవరణ కింద లెక్కకట్టారు. జింకల కేసు, నోటితో ఒప్పుకున్నాడు గనుక, జహీరుద్దీన్ మీద పెట్టి, సముద్రం ఇవతలికి రప్పించారు.

గంగన్నగారు మాట తప్పే మనిషి కాదు. హమీదున్నీసాకు ట్రాన్స్‌ఫర్ ఇప్పించారు. కొత్త బడి కోర్టు గోడకు ఆనుకునే ఉంది. మొగుడు వాయిదాకు వచ్చిన రోజున, సెలవు పెట్టకుండానే అన్నం క్యారియర్ అందించి రావచ్చు.