బ్రాంబ్లీ ప్రభువుగారి వంశముద్ర

"నేరస్థుడు గాలిలో కలిసిపోయినా సరే, ఆ గాలిని మూటగట్టి తెచ్చేవాడు ఈ బెంగుళూరులో ఒక్కడే ఉండాడు. వాడి పేరు పిల్లప్ప!"

ఈ మాట అన్నది పిల్లప్పే. నా దుకాణంలో, నా ముక్కాలిపీట మీద కూర్చుని, నేను నా కోసం తెప్పించుకున్న కాఫీ తాగుతూ అన్నాడు.

నా పేరు ఓబళప్ప. నగర్తపేటలో దర్జీని. నా పక్క కొట్టు పిల్లప్పది. యుద్ధం ముగిసిన ఏడాది అతను కొట్టు ముందు కొత్త బోర్డు కట్టించాడు. 'అపరాధ పరిశోధక చక్రవర్తి పిల్లప్ప' అని పెద్ద అక్షరాలు. 'బొత్తాలు, దారాలు కూడా దొరుకును' అని కింద చిన్న అక్షరాలు. అప్పటికి చక్రవర్తిగారు తేల్చిన కేసు ఒకటే. తన గొడుగు పోయిందని మూడు రోజులు మా వీధి వీధంతా అనుమానించి, ఇద్దరితో తగాదా పెట్టుకుని, చివరికి అది తన చంకలోనే ఉందని కనిపెట్టాడు. ఆ ఇద్దరూ ఇప్పటికీ అతని దగ్గర బొత్తాలు కొనరు.

"ఈ ఊర్లో నా తెలివికి తగిన నేరం జరగడం ల్యా ఓబళా" అని అతను నిట్టూరుస్తుండగానే మా కెంపమ్మత్త వచ్చింది. మా నాయనకు సొంత చెల్లెలు. తెల్లవాళ్ళుండే దండు ప్రాంతంలో కర్నల్ బ్రాంబ్లీ దొరగారి బంగళాలో ఇరవై రెండేళ్ళుగా వంట చేస్తోంది. ఆమె పుణ్యాన దొరగారి లాగులన్నీ కుట్టేది నేనే. ఎప్పుడొచ్చినా గుమ్మం దగ్గర నుంచే నన్ను తిడుతూ వచ్చే మనిషి, ఆ రోజు ఏమీ అనకుండా వచ్చి కింద కూర్చుంది.

"నన్ను దొంగ అన్నారు నాయనా" అంది.

నా మిషను ఆగిపోయింది.

"దొరోరి అక్క కూతురు ఉండాది కదా, నెల కిందట వాళ్ళ సీమ నుంచి వచ్చిన మిస్సమ్మ. ఆయమ్మ తెచ్చిన ముద్ర ఏదో కనబడల్యాంట. పందిబొమ్మ ముద్రంట. ఇంట్లో తిరిగేది నేనొక్కదాన్నే కాబట్టి నేనే తీసినానంట. రేపు వాళ్ళు ఓడకు బయలుదేరల్ల. ఈపొద్దు సాయంత్రం లోపల దొరక్కుంటే పోలీసోళ్ళను పిలుస్తుందంట."

"దొర ఏమన్నాడు?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమీ అనల్యా. కిటికీలోంచి బయటికి చూస్తా గమ్మున నిలబడుకున్నాడు. ఇన్నేండ్లు వండి పెట్టినా ఓబళా, ఒగ మాట అనల్యా."

"ఆ ముద్రను నువ్వేమన్నా చూసినావా అత్తా?"

"పందిబొమ్మను నేను యాడ చూస్తా నాయనా! చూసినా ముడతానా?"

పిల్లప్ప కాఫీలోటా నేలకు కొట్టి లేచాడు. లోటా నాదే. "ఈ కేసును స్వీకరించితిమి!" అన్నాడు. అతనికి కేసు ఎవరూ ఇవ్వలేదు. కానీ పోలీసులు రావడానికి నాలుగైదు గంటలే ఉన్నాయి, నాకు వేరే దిక్కు తోచలేదు. డిటెక్టివ్ పనిలో ఉన్నప్పుడు పిల్లప్ప గ్రాంథికమే మాట్లాడతాడు. భయమో ఉద్రేకమో వస్తే మాత్రం నగర్తపేట యాసలోకి వచ్చేస్తాడు.

మారువేషం లేనిదే గడప దాటనన్నాడు. కోటు భుజాల్లో కూరడానికి పెట్టుకున్న నా దూదిని నల్లరంగులో ముంచి గడ్డం చేసుకున్నాడు. జట్కాలో దండు చేరేసరికి చెమటకు ఆ రంగు మెడ మీదుగా కారి చొక్కాలోకి దిగింది.

బ్రాంబ్లీ దొర వరండాలోనే ఉన్నాడు. అరవై మూడేళ్ళ మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. తెలుగు మా అత్త దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి అచ్చం ఆమెలాగే మాట్లాడతాడు.

"ఏమప్పా ఓబళా, బాగుండావా? పిల్లప్ప మొగానికేమైంది పాపం?" అన్నాడు.

"నేను పిల్లప్పను కాను. నేను కాశ్మీర దేశపు వర్తకుడను" అన్నాడు పిల్లప్ప.

"అట్లనా. పోయిన వారం నువ్విచ్చిన బొత్తాలు రెండు ఊడిపోయినాయప్పా."

"ఊడవే, గట్టి సరుకు ఇస్తినే!" అనేశాడు కాశ్మీర వర్తకుడు.

అక్కడితో మారువేషం ముగిసింది కానీ గడ్డం మాత్రం తీయలేదు. అది చర్మానికి అంటుకుపోయింది.

"సరే, మీ వంశ వృత్తాంతము చెప్పుడు. నేరమునకు వేరు వంశములోనే యుండును" అన్నాడు పిల్లప్ప పుస్తకం తీసి. దొరకు ఎవరినీ నొప్పించడం చేతకాదు. లోపల నుంచి ఫోటోల పుస్తకం తెచ్చి ముందు పెట్టుకున్నాడు.

"మా నాయన బ్రాంబ్లీ ప్రభువు. ఆయనకు ముగ్గురు కొడుకులం, ఒగ కూతురు. నాయన పోయినంక కోట, భూములు, ప్రభువు అనే పేరు అన్నీ పెద్దన్నకు వచ్చె. రెండో అన్న చర్చిలో పాదిరి అయ్యె. నేను పటాళంలో చేరి ఈడికి వస్తి."

"మరి మీ భాగము?"

"నాకు భాగం ల్యా. ఒగ గుర్రం ఇచ్చిరి."

"గుర్రము క్షేమమేనా?"

"ఓడలోనే చచ్చిపోయె."

పిల్లప్ప పెన్సిలు నాకి గబగబా రాసుకున్నాడు. నా చెవి దగ్గరికొచ్చి, "చూసినావా ఓబళా! ముగ్గురన్నదమ్ములుంటే మూడు భాగాలు కావల్ల. పంచాయితీ ల్యా, పంపకం ల్యా, పెద్దోడు అంతా మింగేసినాడు. గుర్రానికేమో విషం పెట్టినారు" అన్నాడు.

"మా దేశంలో అదే కానూనప్పా. పెద్దోడికే అంతా" అన్నాడు దొర, విని.

"బెదిరించి నోరు మూయించినారు" అని అదీ రాసుకున్నాడు పిల్లప్ప. పేజీ తిప్పితే తల మీంచి కాళ్ళదాకా తెల్లబట్టలు కట్టుకున్న ఒక పడుచుపిల్ల ఫోటో కనిపించింది. "ఈమె యెవరు?"

"మా అక్క."

"అయ్యో, ఇంత చిన్నవయసులోనే తెల్లబట్టలా! భర్త యెప్పుడు పోయెను?"

"పోల్యాప్పా. అది పెండ్లిరోజు తీసిన ఫోటో."

"పెండ్లిరోజే పోయినాడా!" అని పిల్లప్ప గుండె పట్టుకున్నాడు. "ఓబళా, ఇది రెండో హత్య."

"మొదటిది ఏది?"

"గుర్రం!"

దొర ఓపిగ్గా మిగతాది చెప్పాడు. నిరుడు పెద్దన్న పోయాడు. పిల్లల్లేరు. పాదిరి అన్న అంతకుముందే పోయాడు. కాబట్టి ఇప్పుడు ఈయనే బ్రాంబ్లీ ప్రభువు. ఆ కబురుతో, వంశముద్రతో సహా, ఈయన్ను పిలుచుకుపోవడానికి అక్క కూతురు ఆడ్రీ మిస్సమ్మ వచ్చింది. లక్కతో కాగితాల మీద వేసే ఆ ముద్ర మూడు వందల ఏళ్ళనాటిది. తాను ప్రభువైన సంగతిని దొర పంటినొప్పి సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"కెంపమ్మ తీసిందని మీరు నమ్ముతాండారా దొరా?" అని అడిగేశాను.

ఆయన ఫోటోల పుస్తకం మూసి తెరిచి మళ్ళీ మూశాడు. ఆ క్షణాన నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది.

నాలుగయ్యేసరికి పిల్లప్ప అందరినీ భోజనాల గదిలో కూడమన్నాడు. అప్పటిదాకా వరండాలో నా టేపుతో అడుగుజాడలు కొలిచి, అవి పన్నెండు అంగుళాల మహాకాయుడివని తేల్చి, ఆ జాడల వెంటే పోయి తన చెప్పుల్లోనే నిలబడ్డాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను ఇప్పుడే చెబుతున్నాను.

మిస్సమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. మా అత్త వంటింటి గుమ్మం పక్కన, గోడకు ఆనుకుని నిలబడింది. గడియారం వైపే చూస్తోంది.

"నేరస్థుడు ఈ గదిలోనే యున్నాడు!" అన్నాడు పిల్లప్ప. అందరం ఒకరినొకరం చూసుకున్నాం. "సొంత మేనమామ. పెండ్లి కాలేదు. కోట కూడా వచ్చినది. సొంత అక్క కూతురు. ఆమెకూ పెండ్లి కాలేదు. సముద్రాలు దాటి, మామను వెదుక్కుంటూ వచ్చినది. ఎందుకు? ఓబళా, మన ఇండ్లలో చంటిబిడ్డనడిగినా చెప్పును. వరస కుదిరినది కాబట్టి!"

నిజం చెప్పొద్దూ, నాకూ ఇది సబబుగానే తోచింది. నేను చేసుకున్నది మా అక్క కూతురినే.

"మామ ఒప్పుకొనలేదు. పగబట్టిన ఆ కన్యారత్నము, మామ ప్రభువు కాకుండా చేయుటకు ముద్రను మాయము చేసినది. దొరగారూ, ఇప్పటికైనా మించిపోలేదు. ముహూర్తం పెట్టించండి!"

దొర మెడ దగ్గర మొదలై తల దాకా ఎర్రబడిపోయాడు. ఏమన్నాడని మిస్సమ్మ ఇంగ్లీషులో అడిగింది. దొర వద్దన్నాడు. ఆమె పట్టుబట్టింది. ఆయన నేల చూపులు చూస్తూ నాలుగు ముక్కలు చెప్పాడు. మిస్సమ్మ లేచింది. లేచేటప్పుడు బల్ల మీదున్న రొట్టెలు కోసే కత్తి ఆమె చేతిలోకి ఎలా వచ్చిందో నేను చూడలేదు.

"అమ్మా తల్లీ, నాకేం తెలీదు, ఓబళానే చెప్పమన్నాడు!" అంటూ పిల్లప్ప వెనక్కి నడిచాడు. వెనక వంటిల్లు. గడప తగిలి, చేతికి అందింది పట్టుకున్నాడు. అందింది గోడకు కొట్టిన మా అత్త దేవుడిగూడు. మేకులతో సహా ఊడి వచ్చి అతని నెత్తిన పడింది. కుంకుమ, అక్షింతలు, పూలు, విభూతి అన్నీ దూదిగడ్డానికి అంటుకున్నాయి. వాటితో పాటు బరువైనదేదో టంగుమని పడి, దొర్లుకుంటూ పోయి దొరగారి బూటు దగ్గర ఆగింది.

"నా స్వామి! నా వరాహస్వామి!" అని మా అత్త పరుగెత్తుకొచ్చి దాన్ని కళ్ళకద్దుకుంది.

దొర కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అత్త చేతిలో పిడి ఉన్న వెండిముద్ర. నిండా పసుపు. ముద్ర మీద కిరీటం పెట్టుకున్న అడవిపంది, దాని కోరల మీద గుండ్రంగా ఒక బంతి.

"కెంపమ్మా, ఇదే కదా మేం వెదికే ముద్ర!"

"ముద్ర ఏంది దొరా? ఈయన మీ ఊరి స్వామి. కోరల మీద భూమిని ఎత్తుకోని ఉండాడు చూడండి."

"అది భూమి కాదు కెంపమ్మా. ఆపిల్ పండు. మా ముత్తాతల నాడు ఆపిల్ తోటలుండె."

"మీకు తెలీదు, భూమే" అంది అత్త. "సీమ నుంచి స్వామిని తెచ్చిన బిడ్డకు భక్తి ఉండల్ల కదా. పోయిన శనివారం డబ్బాలో వచ్చే మాంసం తింటా, ఆ తినే తట్ట పక్కనే స్వామిని పెట్టింది. అదీ పందిమాంసం! నా ప్రాణం ఒప్పల్యా. కడిగి, పసుపు రాసి, గూట్లో పెట్టుకొని దీపం పెడతాండా. మీ ఇంటి దేవుణ్ణి నేను చూసుకుంటాలే అని మీతో చెప్తి కదా. సరే అంటిరే."

"ఏదో మా కోసం మొక్కుతావేమో అనుకొంటిని" అన్నాడు దొర మెల్లగా.

"పొద్దన్నుంచీ పందిబొమ్మ యాడ, పందిబొమ్మ యాడ అంటిరి. స్వామిని పట్టుకోని పంది అంటే నాకెట్ల తెలుస్తుంది?"

కింద నుంచి పిల్లప్ప గొంతు లేచింది. కళ్ళలో కుంకుమ పడి ఎవరివైపు చూస్తున్నాడో తెలియడం లేదు. "కేసు తేలిపోయెను! ముద్ర ఈ గూట్లోనే ఉందని వాసన పట్టి, బుద్ధిపూర్వకముగా పడితిని!"

"నువ్వు లేవొద్దు. చెప్పుకాళ్ళతో నా వంటింట్లోకొచ్చి పడినావు. ఆ అక్షింతలన్నీ ఏరినంకే లేవల్ల" అంది అత్త. చక్రవర్తిగారు ఒక్కొక్క గింజే ఏరడం మొదలుపెట్టాడు.

దొర అంతా విడమరిచి చెప్పాక మిస్సమ్మ కత్తి బల్ల మీద పెట్టేసింది. ముఖం కందిపోయింది. అత్త దగ్గరికొచ్చి ఏదో చిన్నగా అంది.

"క్షమించమంటా ఉండాది" అన్నాడు దొర.

"ఆయమ్మ నెల కిందట వచ్చిన బిడ్డ. నన్ను ఎరగదు. ఆయమ్మ అన్నదానికి నేను ఏడవల్యా" అంది అత్త.

అత్త స్వామిని పట్టుకుని వంటింట్లోకి పోయింది. దొర ముసలి మోకాళ్ళు పట్టుకుని వంటింటి గడప మీద కూర్చున్నాడు. బూట్ల దారాలు విప్పాడు. బూట్లు బయట వదిలి, లోపలికొచ్చి అత్త ముందు చేతులు జోడించాడు.

"నేను గమ్మునుంటిని కెంపమ్మా. నువ్వు తీసుండవని నాకు తెలుసు. తెలిసీ ఆ మాట అనల్యా. దొంగ అన్నదాని కంటే నా తప్పే పెద్దది."

అత్త ఆయన పాదాలనే చూస్తూ ముక్కు చీదుకుంది. నాకూ కళ్ళు నిండిపోయాయి.

"ఎడమ మేజోడుకు అంత బొక్క పడితే చెప్పల్లని తెలీదా దొరా? ప్రభువంట, ప్రభువు! ఇట్లనే ఓడెక్కి పోతే కెంపమ్మ ఏం చూసుకొనిందని మీ ఊరోళ్ళు నన్ను కదా అనేది. ఇడిసి ఈండి, కుట్టిస్తా."

బ్రాంబ్లీ ప్రభువుగారు మారు మాట్లాడకుండా మేజోడు విప్పి ఆమె చేతికిచ్చాడు.