గిటారు వెనక కూలరు

మంగళవారం పొద్దున్న ఆ ఇంట్లో ఇద్దరు మనుషులకి రెండు పథకాలున్నాయి. కూలరు బిగించి, దాని ముందు పడుకుని, సాయంత్రం దాకా కళ్లు తెరవకూడదని జానకిరామ్ పథకం. ఒక్క తప్పూ దొర్లకుండా గిటారు వాయించి వీడియో తీయాలని అతని కూతురు ప్రణీత పథకం. రెండూ నెరవేరాయి. చిక్కంతా అందువల్లే వచ్చింది.

జానకిరామ్ బిలాస్‌పూర్‌లో గూడ్సు బళ్లు నడిపే లోకో పైలట్. సర్వీసు ఇరవై ఆరేళ్లు. రాత్రంతా బొగ్గు బండి నడిపి వచ్చి, మే నెల పగటిపూట రైల్వే క్వార్టర్‌లో నిద్రపోవడమంటే పెనం మీద పడుకోవడమే. కూలరు బిగించుకోవడానికి ఒక్క రోజు సెలవడిగాడు. ఇవ్వలేదు. మళ్లీ అడిగాడు. బళ్లెక్కువ, మనుషులు తక్కువ అన్నారు. మూడోసారి అడగలేదు. నడుం నొప్పని చెప్పి సిక్‌లోకి వెళ్లిపోయాడు. సెలవు దొరకని చోట జబ్బు దొరుకుతుందన్న సంగతి ఆ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే అందరికీ బోధపడుతుంది. డాక్టరు మూడు రోజులు విశ్రాంతి రాశాడు.

ప్రణీత బి.కాం. రెండో సంవత్సరం. గిటారు ఆమెకెవరూ నేర్పలేదు. ఫోనులో చూడడం, ఆపడం, వెనక్కి జరపడం, మళ్లీ చూడడం, వేళ్లు బొబ్బలెక్కితే రెండు రోజులు మానేసి మళ్లీ మొదలెట్టడం. ఇలా మూడేళ్లు. పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఆ ఇంట్లో చప్పుడు చేయకూడదు. జానకిరామ్ ఇంట్లో ఉన్నాడంటే నిద్రపోతున్నాడని అర్థం, లేచాడంటే డ్యూటీకి వెళ్లిపోతున్నాడని అర్థం. పిల్ల తీగల కింద చేతిరుమాలు కుక్కుకుని వాయించుకునేది. అంచేత కన్నతండ్రి ఆమె పాట ఒక్కటీ వినలేదు. ఊరూ వినలేదు. తన ఛానల్లో పెట్టిన పదకొండు వీడియోల్లో ఎక్కువ మంది చూసినదానికి నలభై రెండు వ్యూస్ వచ్చాయి. వాటిలో సగం ఆమెవే. ఆమె పేరుప్రఖ్యాతులూ అడగలేదు, డబ్బూ అడగలేదు. ఎవరైనా ఒక్కసారి తన పాట మొదటి నుంచి చివరిదాకా వినాలి, అంతే.

ఆ రోజు నాన్న మేలుకునే ఉన్నాడు కాబట్టి చేతిరుమాలు తీసేసింది. పెరట్లో బట్టలుతికే బండ మీద ఫోను నిలబెట్టి, వరండా మెట్టు మీద కూర్చుంది. తను కట్టుకున్న పాట. పద్నాలుగుసార్లు ఎక్కడో ఒకచోట వేలు జారింది. పదిహేనోసారి జారలేదు. మధ్యలో వెనకాల ఏదో ఈడుస్తున్న చప్పుడైంది గానీ, ఇంత శుద్ధంగా సాగుతున్న పాటని ఆపడానికి ఆమెకు మనసొప్పలేదు. కళ్లు మూసుకుని పూర్తి చేసింది. తర్వాత వీడియో మూడుసార్లు చూసుకుంది. మూడుసార్లూ తన వేళ్లనే చూసుకుంది. మధ్యాహ్నం ఛానల్లో పెట్టేసింది.

సాయంత్రానికి నలభై వేల మంది చూశారు.

"అమ్మా! చాలీస్ హజార్!" అని అరిచింది.

తల్లి శాంతాదేవి మూతి మీద వేలు పెట్టుకుంది. "నెమ్మదిగా అమ్మీ, నాన్న పడుకున్నారు."

ప్రణీత కళ్లనీళ్లు తుడుచుకుని కామెంట్లు తెరిచింది. 'చాచాకి నా సలామ్' అని ఉంది మొదటిది. 'ఒక్కడే ఎత్తేశాడు చూడండి' అని రెండోది. ఎవరి కామెంట్లో తన కింద పడ్డాయనుకుని మళ్లీ వీడియో పెట్టింది. ఈసారి వేళ్లని వదిలేసి వెనక్కి చూసింది. వెనకాల లుంగీ ఎగగట్టి, తలకి తువ్వాలు చుట్టి, బీరువాలో సగమంత ఉన్న ఇనప కూలరుని వీపు మీద మోసుకుంటూ తండ్రి వస్తున్నాడు. స్టూలెక్కాడు. కిటికీ దగ్గర స్టాండు మీద కూలరుని ఒంటి చేత్తో సర్దాడు. దిగి, తువ్వాలు దులిపి, నడుముని కుడివైపు ఓసారీ ఎడమవైపు ఓసారీ హాయిగా తిప్పి లోపలికి వెళ్లిపోయాడు. ప్రణీత మూడు వందల కామెంట్లు వెతికితే తన గురించి ఒక్కటి దొరికింది. 'ముందు కూర్చున్న పిల్ల కొంచెం జరిగుంటే చాచా పూర్తిగా కనబడేవాడు.'

బుధవారం పొద్దున్న చంద్రమౌళి ఫోన్ చేశాడు. డ్రైవర్లు డ్యూటీకి సంతకం పెట్టే లాబీలో గుమాస్తా అతను. జానకిరామ్‌ని బావా అని పిలిచే చనువుంది.

"బావా, నడుం ఎలగుంది?"

"ఏటి సెప్పమంతావు. లెగలేకపోతన్నాను. పక్కకి తిరిగితే పేణం పోతంది."

"అచ్ఛా. నిన్న కూలరెత్తినప్పుడు పోనేదా పేణం?"

జానకిరామ్ చటుక్కున లేచి కూర్చున్నాడు. "నీకెవుడు సెప్పినాడు?"

"రెండు లచ్చల మంది సూసినారు బావా. లాబీలో టీవీకి ఫోను కలిపీసి మరీ సూస్తన్నారు. కూలర్ చాచా అని పేరెట్టినారు నీకు. పెద్ద సాబ్ కూడా సూసినాడు."

"సూసి ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు. నవ్వనూ లేదు. కాయితం మీద ఏటో రాసుకున్నాడు."

జానకిరామ్ ఫోన్ పెట్టేసి ఆ వీడియో తెరిచాడు. నడుం నొప్పని అబద్ధమాడి సిక్‌లోకి వెళ్లినట్టు తేలితే ఛార్జిషీటు. ఇంక్రిమెంటు ఆగుతుంది, ఉద్యోగంలో ఓ మెట్టు దించినా దించుతారు. కూతుర్ని పిలిచాడు.

"అది తీసియ్, అమ్మీ."

"నాన్నా, దేఖో... మూడేళ్లలో ఫస్ట్ టైమ్ నా వీడియో ఎవరైనా చూస్తున్నారు."

"నిన్ను కాదే, నన్ను సూస్తన్నారు!"

"తెలుసు," అంది ప్రణీత. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో అక్కడ ఎవరికీ పట్టలేదు. "మగర్ సౌండ్ మాత్రం నాదే కదా. చెవిలో పడుతుంది కదా. నువ్వు విన్నావా? ఒక్కసారైనా?"

"ఉజ్జోగం ఊడిపోతంటే పాటలినమంతావేటే?" అన్నాడు జానకిరామ్. అతను అప్పటికి ఆ వీడియో పదిసార్లు చూశాడు. పదిసార్లూ నడుం తిప్పిన చోటే ఆపి, తనని తాను తిట్టుకున్నాడు.

మధ్యేమార్గం ఫోన్లోనే చంద్రమౌళి చెప్పాడు. ఉచిత సలహాలకి ఆ కాలనీలో అతన్ని మించినవాడు లేడు. "తియ్యకండి. తీసీస్తే తప్పు ఒప్పుకున్నట్టే. అది పోయినేడు తీసినాదని కింద రాసీమను. పోయినేడు కూలరెత్తినాడు, ఈ ఏడు నడుం పోనాది. లెక్క సరిపోనాది."

ప్రణీతకి ప్రాణం లేచొచ్చింది. తండ్రి ఉద్యోగమూ నిలుస్తుంది, తన పాటా ఉంటుంది. 'ఇది పోయిన ఏడాది మే నెలలో తీసిన వీడియో' అని హిందీలో రాసింది. గంట తిరక్కుండా, వీడియోలో వరండా గోడకి కనబడుతున్న కాలెండర్‌ని ఎవడో పెద్దది చేసి, ఈ ఏడాది అంకె చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి పెట్టాడు. ఆ కాలెండర్ ఉగాదికి ఆంధ్ర సమాజం వాళ్లు ఉచితంగా పంచినది. కూలర్ చాచా ఇంట్లో అబద్ధమెందుకాడుతున్నారని దేశం నలుమూలలా పరిశోధన మొదలైంది. వ్యూస్ అయిదు లక్షలు దాటాయి. చూసినవాళ్లలో సగం మంది పాట మొదట్లోనే ఆపేసి కాలెండర్ దగ్గర ఆగిపోయారు.

గురువారం పొద్దున్న మళ్లీ చంద్రమౌళి. "బావా, వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు సింహాచలం మీ ఇంటికి బయల్దేరినాడు. పెద్ద సాబే పంపినాడంట. పది నిమిషాల్లో అక్కడుంతాడు."

ఆ పది నిమిషాల్లో జరిగినంత పని ఆ క్వార్టర్‌లో పదేళ్లలో జరగలేదు. శాంతాదేవి కాలెండర్ చింపి పొయ్యిలో పెట్టింది. మంచం మీద రగ్గు వేసింది. అమృతాంజనం మూత తీసి బల్ల మీద పెట్టింది.

"ఏటండీ, మరి కూలరో? కిటికీలో ఎదురుగా కనబడతంది!"

"దించీస్తాను," అన్నాడు జానకిరామ్.

"నాన్నా, వద్దు, నీళ్లున్నాయ్ అందులో!" అని ప్రణీత అరిచింది.

అప్పటికే అతను స్టూలెక్కి, కూలరు కిందకి చేతులు పోనిచ్చి ఎత్తాడు. నడుములో టప్‌మని శబ్దం వచ్చింది. కూలరు పెరట్లో పడి బోర్లా తిరిగింది. జానకిరామ్ స్టూలు మీద నుంచి ఒక్కో అంగుళం జారుతూ నేల మీదకి చేరాడు. తల్లీకూతుళ్లిద్దరూ రెండు చంకల కిందా చేతులేసి ఈడ్చుకెళ్లి మంచం మీద పడేశారు. సిక్ కాగితంలో మంగళవారం రాసిన జబ్బు గురువారానికి వచ్చింది.

తండ్రి కళ్లలో నీళ్లు చూశాక ప్రణీత ఫోను తీసింది. ఈ వీడియోని శాశ్వతంగా తొలగించాలా అని ఫోను అడిగింది. ఆమె ఒక నిమిషం దాన్నే చూస్తూ నిలబడింది. బయట స్కూటర్ ఆగిన చప్పుడైంది. అవునని నొక్కింది. అయిదు లక్షల మందీ, ఒక్క తప్పూ లేని పదిహేనో పాటా ఒకేసారి పోయాయి.

సింహాచలం లోపలికొచ్చి, కుర్చీలో కూలబడి, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. విజయనగరం మనిషే గానీ, ఉద్యోగం మీద వచ్చినప్పుడు తెలుగుని కొంచెం దూరంగా పెడతాడు.

"అరే బాప్ రే, క్యా గర్మీ! కూలర్ లేదా అమ్మా?"

"మాకు కూలర్ లేదు బాబూ," అంది శాంతాదేవి వెంటనే. "ఎప్పుడూ లేదు."

"అదేంటమ్మా! నేనొచ్చిందే కూలర్ కోసం." సింహాచలం సంచిలోంచి కాగితం తీశాడు. "వచ్చే వారం మన స్టాఫ్ ఆరోగ్యం మీద పెద్ద ప్రోగ్రామ్ ఉంది. పెద్ద సాబ్ మీ ఆయన వీడియో చూసి బహుత్ ఖుష్. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఇంత ఫిట్‌నెస్సా అన్నారు. స్టేజీ మీద అదే కూలర్ ఎత్తించి, శాలువా కప్పాలని ఆర్డరు."



"మరి... సిక్ సంగతి?" అన్నాడు జానకిరామ్ రగ్గులోంచి.

"ఏ సిక్? ఆ కాగితం నా టేబుల్ మీదే ఉంది, ఎవరు చూస్తారండీ? లేవండి, ఒక ఫోటో తీసుకుపోతాను."

"లెగలేను సార్. నడుం నిజంగా పోనాది. ఒట్టు."

సింహాచలం విరగబడి నవ్వాడు. "నా దగ్గర కూడా నాటకమా చాచా!"

ప్రణీత ఇక ఉండబట్టలేకపోయింది. "సార్, వీడియోలో గిటార్... కైసా లగా? బాగుందా?"

"గిటారా? ఎక్కడుంది గిటారు?" సింహాచలం తన ఫోను తీసి వాట్సాప్‌లో వచ్చిన వీడియో పెట్టాడు. అది ఎవరో కత్తిరించి పంచిన ముక్క. తెర నిండా జానకిరామ్, కూలరు. పాట స్థానంలో డప్పుల మోత పెట్టారు. సింహాచలం కళ్లద్దాలు సవరించుకుని తెర మూలకి చూపించాడు. "ఓహో, ఇక్కడ కనబడే ఈ భుజం నీదా అమ్మా? మరి చెప్పవేం! స్టేజీ మీదకి నువ్వూ రా. పక్కన కుర్చీ వేయిస్తాం. వాయించక్కర్లేదు, పట్టుకుని కూర్చుంటే చాలు."

మర్నాడు జానకిరామ్ ఆటోలో పడుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు అతనితో సెల్ఫీ దిగి, డ్యూటీకి ఫిట్ అని రాసిచ్చాడు. ప్రోగ్రామ్‌లో కూలరెత్తడానికి లోకో షెడ్డు నుంచి వేరే మనిషిని తెచ్చి, అతనికే కూలర్ చాచా అని చెప్పి శాలువా కప్పారు. జనం గుర్తుపట్టలేదు, చప్పట్లు కొట్టారు. అసలు చాచా ఆ వేళకి నడుముకి బెల్టు కట్టుకుని, పళ్లు బిగించుకుని, రాయగఢ్ వైపు బొగ్గు బండి నడుపుతున్నాడు.

ప్రణీత అదే పాట మళ్లీ వాయించింది. ఈసారి వెనకాల మనిషీ, కిటికీ, కాలెండరూ ఏవీ లేకుండా ఉత్త గోడకి చేరబడి తీసింది. రెండు రోజుల్లో పందొమ్మిది మంది చూశారు. మూడోరోజు మధ్యాహ్నం రాయగఢ్‌లో డ్రైవర్లు బస చేసే రన్నింగ్ రూము నుంచి తండ్రి ఫోన్ చేశాడు.

"అమ్మీ, నీ వీడియో సూసినాను."

ప్రణీత గబుక్కున మంచం మీద కూర్చుంది. "పూరా?"

"మొదల్నుంచి సివరికంటా. రెండుసార్లు సూసినాను. పక్కన డ్రైవర్లు పడుకున్నారు కదా, సౌండు ఆపీసి సూసినాను."

పూర్తిగా చూశాడు కదా, అదే చాలనుకుంది. "ఎలా ఉంది నాన్నా?"

అటువైపు జానకిరామ్ చాలాసేపు ఆలోచించాడు. పిల్ల మనసు నొప్పించకూడదని అతనికీ ఉంది.

"నీ ఎనకాల గోడుంది సూడు," అన్నాడు చివరికి. "పైనుంచి కిందకంటా బీట తీసీసింది. వానలొస్తే పడిపోద్ది. కంప్లైంటు రాయాల."

శనివారం కంప్లైంటు రాశారు, రుజువుకి ఆ వీడియోనే జతచేశారు. దాంతో వ్యూస్ ఇరవై మూడయ్యాయి.