సుసన్న ఇంటి అరుగు

ఇబ్రహీంపట్నంలోని ఆ పాత గల్లీ ఇటీవలే కాలనీగా పదోన్నతి పొందిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాక ఇళ్లన్నీ మేడలయ్యాయి. మేడలకు నిలువెత్తు గోడలు లేచాయి. గేట్లకు ‘కుక్క ఉంది జాగ్రత్త’ బోర్డులు పడ్డాయి. కుక్క లేనివాళ్లు కూడా బోర్డు తగిలించి పరువు నిలుపుకున్నారు.

ఒక్క సుసన్న ఇంటికే గోడ లేదు. పైగా వీధి వైపు అరుగు. పొద్దుగూకితే ముసలివాళ్లు అక్కడ చేరి, చిక్కుడుకాయలు ఒలుస్తూ పకపకా నవ్వేవారు. కాలనీ సంఘం అధ్యక్షుడు భూపాల్‌కు అది కంట్లో నలుసైంది. ఆ నవ్వుల్లో అతని తల్లి రుక్మాబాయి గొంతే పెద్దది మరి.

సుసన్నపై చర్యకు సంఘం సమావేశమైంది. ఎవరి గేటూ ఎవరికీ తెరుచుకోదు కాబట్టి సమావేశం సుసన్న అరుగు మీదే జరిగింది. ఆమె అందరికీ చాయ్ పోసింది.

“గిట్ల ఒక్కరే అందరి లెక్క లేకుంటే కాలనీ ఇజ్జత్ ఏంగావాలె?” అని భూపాల్ ఉపన్యసించాడు. “ఇందుల కులం, మతం ముచ్చటే లేదు. మనం సదువుకున్నోళ్లం. గోడ గురించే మాట్లాడుతున్నం.”

కులమతాల మాట అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు.

“అరుగు పోతే మళ్ల మీటింగ్ ఏడ పెడతరు తమ్మీ?” అని అడిగింది సుసన్న. ఆ ప్రశ్న ఎజెండాలో లేదు.

సంఘం తీర్మానంతో వారంలో అరుగు కూలింది, గోడ లేచింది. భూపాల్ తల్లికి మెత్తటి సోఫా కొనిచ్చాడు.

“గీడ ఎవ్వలతోని మాట్లాడాలె బిడ్డా?” అందామె. అతను టీవీ రిమోట్ చేతికిచ్చాడు.

కొన్నాళ్లు చూసి, ఒక సాయంత్రం రుక్మాబాయి ప్లాస్టిక్ కుర్చీ గేటు బయటికి ఈడ్చుకుని, చిక్కుడుకాయల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వచ్చేపోయేవాళ్లను పేరుపేరునా పిలిచింది. ఎవరూ ఆగలేదు. బాల్కనీల్లోంచి మాత్రం అందరూ చూశారు. ఎవరో ముసలామె అందరిలా లేదని, వీధిలో కూర్చుందని అధ్యక్షుడికి ఫిర్యాదులు అందాయి.

భూపాల్ సిగ్గుతో చచ్చిపోయాడు. తల్లి ఒంటరిదైందని కాదు, నలుగురి కంట పడిందని. సొంత తల్లని కూడా చూడకుండా రెక్క పట్టి లోపలికి తీసుకుపోయి గేటుకు తాళం వేశాడు. అంతటి నిష్పక్షపాతి ఈ కాలంలో అరుదు. చాటలోంచి పడిన గింజలు రోడ్డు మీదే ఉండిపోయాయి.

ఇప్పుడు ఆ కాలనీలో అందరూ ఒకేలా ఉన్నారు. సంఘం తన సేవలను పక్క వీధులకూ విస్తరిస్తోంది. మీరేం ఫికర్ పడకండి. మీ ఇంటికి గోడ ఎప్పుడో లేచింది కదా.